మూల విరిగిన నమూనా

"ఇదిగో హాజియా, ఇక్కడే! ఎలుక కొరికినట్టు లేదూ?"

టాంకో కుట్టు మిషను ఆపి, చట్రంలో బిగించిన తెల్లగుడ్డని తలాతు మొహం మీదికి తోశాడు. కానో పాతబస్తీలో పెళ్ళికొడుకులు తొడుక్కునే రీగాల మీద, ఆ వెడల్పాటి అంగీల మీద, కంప్యూటర్ మిషనుతో ఎంబ్రాయిడరీ కుట్టడం అతని పని. నెట్‌లో కొత్త నమూనా ఎక్కడ కనిపించినా దింపుకుంటాడు, మెమరీ స్టిక్కులో వేసి మిషనుకి పెడతాడు. మిగతా అంతా మిషనే చూసుకుంటుంది.

తలాతు గుడ్డని వెలుతురుకి తిప్పింది. మట్టిరంగు దారంతో, ఒకదాన్లోంచి ఒకటి దూరిపోయే తాళ్ళ ముడిలాంటి పెద్ద నమూనా. మూడు మూలలు నిక్కచ్చిగా ఉన్నాయి. పైన కుడివైపు మూల మాత్రం లేదు. తెగిన చోట అంచు ఎగుడుదిగుడుగా ఉంది. అడుగున మధ్యలోంచి పొడుగాటి ముక్క ఒకటి నాలుక చాపినట్టు వేలాడుతోంది.

"ఈ నాలుకేంటి మాలం?" అని, పంతులుగారూ అన్నంత మర్యాదగా అడిగింది తలాతు.

"నాకేం తెలుసు? నన్ను వెక్కిరిస్తోంది. పోనీ రంగైనా బాగుందా? ఇది గీసినావిడ పెట్టిన రంగే వేస్తే పెళ్ళికొడుకు కాల్చని కుండలా ఉంటాడు. పైగా మెడకి చోటేదీ? రీగా అన్నాక మెడ ఉండాలి, ఎడమవైపు జేబు ఉండాలి. దీన్ని తొడుక్కోవాలంటే ముందు తలకాయ తీసి పక్కన పెట్టుకోవాలి!"

పక్క కొట్టువాళ్ళు గట్టిగా నవ్వారు. తలాతుకి నవ్వు రాలేదు. 

ఆ నమూనాని నెట్‌లో పెట్టింది మాయమైపోయిన మనిషి మరి.

బిల్కీసు. ఎంబ్రాయిడరీ షాపు యజమాని, హజ్ చేసొచ్చిన అల్హాజీ ఇనువాకి రెండో భార్య. ఇల్లు కదలకుండా లాప్‌టాప్ ముందు కూర్చుని నమూనాలు గీసేది. ఒక్కో నమూనాకీ రెండు ఫైళ్ళు పెట్టేది. ఒకటి మిషను కోసం. రెండోది చేత్తో క్రాస్‌స్టిచ్ కుట్టుకునేవాళ్ళ కోసం, గళ్ళు లెక్కపెట్టుకుంటూ కుట్టేలా గళ్ళపటం. కానో నుంచి డకార్ దాకా మిషను ఉన్న ప్రతివాడూ ఆమె పేరు కొట్టి వెతికేవాడే. మొహం చూసినవాడు మాత్రం లేడు. భర్తతో బతకలేనని ఖాజీకి అర్జీ పెట్టుకుంది. విచారణకి ముందురోజు కనపడకుండా పోయింది. ఎవడితోనో లాగోస్ లేచిపోయిందని భర్త అన్నాడు.

ఇవాళ మధ్యాహ్నపు జుహర్ నమాజు తర్వాత ఖాజీ ఆఖరిసారి పిలుస్తాడు. అప్పటికీ రాకపోతే అర్జీ కొట్టేస్తాడు. బిల్కీసు లేచిపోయిన ఆడది అయిపోతుంది. పోలీసులు వెతకడం మానేస్తారు. ఇక ఆమె ఏమైందని అడిగే హక్కు భూమ్మీద ఎవరికీ ఉండదు. ఆమె తల్లి పొద్దున్నే వచ్చి ఖాజీ వాకిట్లో చాప పరుచుకుని కూర్చుంది. ఒకప్పుడు పోలీసు సార్జెంటుగా చేసి, ఇప్పుడు సొంతంగా ఆరాలు తీసే తలాతుని పనిలో పెట్టుకున్నది ఆ తల్లే.

మనిషి పోయింది గానీ నమూనాలు రావడం ఆగలేదు. అదే అందరి నోళ్ళూ మూయించింది. నెట్‌లో కొత్త పూలు పెడుతున్న మనిషికి ఏమై ఉంటుంది?

"ఫైలు పాడైపోయింది హాజియా, అంతే. దింపేటప్పుడు సిగ్నలు పోతే ఇలాగే సగం సగం వస్తుంది" అన్నాడు టాంకో.

తలాతు ఫోను తీసి అదే నమూనా గళ్ళపటం తెరిచింది. వేళ్ళతో పెద్దది చేసి పై కుడి మూలకి జరిపింది. అక్కడ గళ్ళు ఖాళీ. గుడ్డ మీద దారం ఏ ఎగుడు దగ్గర ఆగిందో, గళ్ళు కూడా అదే ఎగుడు దగ్గర ఆగాయి.

ఫోనుని గుడ్డ పక్కన పెట్టి చూపించింది.

"మాలం టాంకో, రెండు ఫైళ్ళూ ఒకేచోట, ఒకేలా పాడవుతాయా?"

టాంకో ఫోనులోకి చూశాడు, గుడ్డకేసి చూశాడు. నవ్వు ఆగిపోయింది. "అవ్వవు" అన్నాడు. "ఇది పాడైంది కాదు. కావాలని గీసింది."

"విరిగినదాన్ని చూసి, విరిగినట్టే గీసింది" అంది తలాతు. ఏం చూసి గీసిందో మాత్రం తట్టలేదు.

"ఏం సార్జెంటక్కా! కుట్టుపని నేర్చుకుంటున్నావా?"

వెనకనుంచి గొంతు. తిరిగి చూడకుండానే ఆమెకి తెలిసింది. ఇన్‌స్పెక్టర్ లబరాన్. ఒకప్పుడు ఇద్దరూ ఒకే స్టేషన్‌లో పనిచేశారు. బిల్కీసు కేసు ఇప్పుడు అతని చేతిలో ఉంది. ఉన్నది ముడి విప్పడానికి కాదు, మూట కట్టి అటక మీద పడెయ్యడానికి.

"నీ కేసుకి పడ్డ చిల్లులు ఎవరో ఒకరు కుట్టాలి కదా ఇన్‌స్పెక్టర్" అంది.

"నా కేసుకి చిల్లులా? అది పొద్దున్నే మడతపెట్టిన బట్ట." అతను టాంకో స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "ఇదిగో విను. చచ్చిపోయినవాళ్ళు నమూనాలు పెట్టరు. ఎత్తుకుపోయినవాళ్ళు కూర్చోబెట్టి పూలు గీయించరు. పెడుతోందంటే బతికుంది. బతికుండీ రాలేదంటే రావడం ఇష్టం లేదు. ఇంతే. దీనికోసం నువ్వు చెప్పులు అరగదీసుకోవడం ఎందుకు?"

"ఆ ఇంట్లోకి వెళ్ళి చూశావా?"

"వాకిటి గదిలో కూర్చున్నాను."

"లోపలికి?"

"ఆడవాళ్ళుండే ముంగిట్లోకి నేనెలా పోతాను? నన్ను మా అమ్మ పెంచింది, మేక కాదు."

"అంటే మొగుడు చెప్పింది రాసుకుని లేచి వచ్చావు."

"ఇంటాయన చెప్పింది కాకపోతే పావురాలు చెప్పింది రాసుకోమంటావా?" అన్నాడు. టాంకో పళ్ళికిలించాడు గానీ లబరాన్ అతనికేసి చూసేసరికి దారపుకండెలు సర్దుకోవడం మొదలుపెట్టాడు. లబరాన్ ముందుకి వంగాడు. ఈసారి గొంతులో ఎకసెక్కం లేదు. "తలాతూ, పాత స్నేహం కొద్దీ చెబుతున్నా. ఇవాళ్టితో చల్లారిపోయేదాన్ని చల్లారనీ. ఆ ఇంటి వైపు పోకు."

"పోతే?"

"ఏమీ లేదు." లేచి టోపీ దులుపుకున్నాడు. "దుమ్ము ఎక్కువగా ఉంది. ఇంటి పట్టున ఉంటే ఆరోగ్యం అంటున్నా."

అతను మలుపు తిరిగేదాకా తలాతు కదల్లేదు. తర్వాత చట్రంలోంచి గుడ్డ విప్పించుకుని, మడిచి, హిజాబ్ కింద దాచుకుంది.  

*

అల్హాజీ ఇనువా వాకిటి గదిలో గొర్రెతోలు మీద కూర్చుని ఉన్నాడు. మనిషి మెత్తన. మాట ఇంకా మెత్తన.

"రా హాజియా. దారి ఎలా ఉంది? అలసట ఎలా ఉంది? ఇంట్లో అందరూ క్షేమమేనా?"

"అంతా దేవుడి దయ అల్హాజీ. మీ అలసట ఎలా ఉంది?"

మర్యాదలు ఒక్కటి కూడా తగ్గకుండా అయ్యాయి. ఎర్రటి జోబో పానీయం గ్లాసులో వచ్చింది. తలాతు పెదవులు తడుపుకుని పక్కన పెట్టింది.

"ఆఖరిసారి ఎప్పుడు చూశారు బిల్కీసుని?"

"తెల్లవారి నమాజుకి పోయేటప్పుడు పడుకుని ఉంది. తిరిగొచ్చేసరికి లేదు."

"ఏం తీసుకెళ్ళింది?"

"లాప్‌టాప్. దాన్నొక్కదాన్నే కదా ఆవిడ మొగుడనుకుంది." ఒక్కసారి నిట్టూర్చాడు. "ఇంట్లో దేనికీ లోటు చెయ్యలేదు. పెద్ద భార్యని అడుగు, చెబుతుంది."

"మీ షాపులో ఇప్పటికీ ఆమె నమూనాలే కుడుతున్నారట?"

"నెట్‌లో ఉన్నవి అందరూ దింపుకుంటున్నారు, నేనూ దింపుకుంటున్నాను. పెళ్ళాం వదిలేసినా ఆవిడ పూలు నన్ను వదల్లేదు, ఏం చెయ్యను?"

"మొన్న వచ్చింది కుట్టారా? మట్టిరంగుది?"

"ఆ మూల లేనిదా! పిచ్చి నమూనా. అది పనికిరాదు, సరిచెయ్యమని చెప్పాను…"

ఆగిపోయాడు. వాకిట్లో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు.

"ఎవరికి చెప్పారు?" అంది తలాతు.

"మా షాపు కుర్రాళ్ళకి. ఇంకెవరికి చెబుతాను?" నవ్వాడు. నవ్వు పెదాలు దాటి పైకి రాలేదు. అంతలో అతని జేబులో ఫోను మోగింది. కలంగూ డప్పు మోత, పెళ్ళి ఊరేగింపులో కొట్టినట్టు. అతను చూసుకుని మోత ఆపేశాడు.

"లోపల ఆమె గది ఒకసారి చూస్తాను అల్హాజీ."

వద్దంటే బాగుండదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. మగ పోలీసుని గుమ్మంలో ఆపొచ్చు, ఆడదాన్ని ఏమని ఆపుతాడు?

"వెళ్ళు. చూసినది చూసినట్టు వాళ్ళమ్మకి చెప్పు. ఆ ముసలామె కూడా నన్ను శపించడం మానేస్తుంది." లోపలికి కేకేశాడు. "గాంబో! మనిషి వస్తోంది. దగ్గరుండి చూపించు."

దగ్గరుండి అన్న మాట కాస్త నొక్కాడు.

*

గాంబో ఇనువా మొదటి భార్య. బక్కపల్చటి మనిషి. తలాతు చెయ్యి పట్టుకుని ముంగిట్లోంచి తీసుకెళ్ళింది. ఆ వేళ్ళు తడి గుడ్డలా చల్లగా ఉన్నాయి. ముంగిలి చివర మెట్లగది ఉంది. దాని తలుపుకి అడ్డంగా జొన్న బస్తాలు వేసి ఉన్నాయి.

"పైన ఏముంది?"

"ఏమీ లేదమ్మా! కప్పు కూలిపోతోంది! ఎవరూ ఎక్కం!" అంది గాంబో. ఎదురుగా ఉన్న మనిషితో కాదు, వీధి చివరి మనిషితో మాట్లాడినట్టు అరిచి చెప్పింది.

బిల్కీసు గది చిన్నది. మంచం, పెట్టె, కిటికీ కింద బల్ల. బల్ల మీద దుమ్ము పేరుకుంది. తలాతు గుమ్మంలో నిలబడి కాసేపు ఊరికే చూసింది. ఆమె మాట్లాడని ప్రతిసారీ గాంబో ఏదో ఒక చప్పుడు చేస్తోంది. సొరబుర్ర గిన్నెలు ఒకదాని మీద ఒకటి పడేస్తోంది, దగ్గుతోంది, కోడిని తోలుతోంది. కోడి మాత్రం ఎక్కడా లేదు.

గోడకి మేకులున్నాయి. ప్రతి మేకుకీ ఒక హిజాబ్ వేలాడుతోంది. నల్లది, నీలంది, ఇస్త్రీ చేసిన గోధుమరంగుది.

"హిజాబ్ లేకుండా వెళ్ళిందా గాంబో?"

"కొత్తది కొనుక్కుంది! అది వేసుకుపోయింది!"

"చెప్పులు?"

గాంబో మంచం కిందకి చూసింది. తలాతు చూపు కూడా అక్కడికే వెళ్ళింది. జత చెప్పులు పక్కపక్కనే ఉన్నాయి.  గాంబో బయటికెళ్ళి సొరబుర్ర గిన్నెలు కడగడం మొదలుపెట్టింది.

తలాతు బల్ల దగ్గర వంగింది. బల్ల పక్క గోడకి సున్నం ఊడిన గుర్తు ఉంది. రెండు మేకులు పీకిన చిల్లులు. వాటి మధ్య పొడుగాటి తెల్లటి మచ్చ. అక్కడ ఎన్నాళ్ళో ఎక్స్‌టెన్షన్ బోర్డు ఉండేది. దాన్ని మేకులతో సహా పీకేశారు.

 ఇల్లు వదిలి లేచిపోయే ఆడది హిజాబ్ వదిలేసి, చెప్పులు వదిలేసి, గోడకి కొట్టిన ఎక్స్‌టెన్షన్ బోర్డు పీక్కుని పోతుందా? లాగోస్‌లో ప్లగ్గులు దొరకవా?

ఆ బోర్డు దూరం పోలేదు. దాన్ని తీసుకెళ్ళినవాళ్ళకి తెలుసు, తీసుకెళ్ళే చోట ప్లగ్గు ఒక మూల ఉంటే బల్ల ఇంకో మూల ఉంటుందని.

ఆమె మెల్లగా ముంగిట్లోకి వచ్చింది. పక్కింటి గోడలో మనిషి పట్టేంత సందు ఉంది. రెండిళ్ళ ఆడవాళ్ళు వీధిలోకి రాకుండా ఒకరింటికొకరు పోవడానికి విడిచిన దారి అది.

"పక్కింటి పెద్దామెని పలకరించి అటునుంచి అటే పోతాను" అంది తలాతు.

గాంబో చేతిలో గిన్నె జారిపోయింది. "అటు వద్దమ్మా!" ఈసారి అరవలేదు. గొణిగింది. "ఆయన… ఇటే రమ్మన్నారు నిన్ను."

అప్పటికే తలాతు సందులో దూరింది.

*

పక్కింటి ముసలామె, కాకా హన్నే అంటే హన్నే అవ్వ, నీడలో కూర్చుని వేరుశనగలు ఒలుస్తోంది. మనవళ్ళు ఊళ్ళకి పోయారు, ఇంట్లో ఒక్కతే ఉంటుంది. తలాతు మోకాళ్ళ మీద వంగి పలకరించింది. ముసలామె దీవించి గుప్పెడు గింజలు చేతిలో పోసింది. తలాతు తల ఎత్తింది.

గింజలు నేల మీద చెదిరిపోయాయి.

ఎదురుగా ముసలామె గది గోడ. మట్టిగోడ మీద, పాతకాలపు మేస్త్రీలు వేళ్ళతో ఎత్తుగా తీర్చిన పెద్ద ముడి. ఒకదాన్లోంచి ఒకటి దూరిపోయే తాళ్ళు. అడుగున మధ్యలోంచి వాననీళ్ళు పోవడానికి నాలుకలా బయటికి చాపిన రేకు తూము. పైన కుడివైపు మూల విరిగిపోయి ఉంది.

తలాతు హిజాబ్ కిందనుంచి గుడ్డ తీసి రెండు చేతుల్తో పైకి పట్టుకుంది. గుడ్డ అంచు మీదుగా గోడకేసి చూసింది. ఎగుడుకి ఎగుడు, దిగుడుకి దిగుడు.

"అచ్చం మా గోడే!" అంది ముసలామె. "ఎవరు కుట్టారమ్మా?"

"కాకా, ఆ మూల ఎప్పుడు విరిగింది?"

"మొన్న శుక్రవారమే. మనవడు పోతూ పోతూ నిచ్చెన తగిలించాడు. వాళ్ళ తాత తీర్పించిన గోడ. దెబ్బ నా ఎముకకి తగిలినట్టయింది."

మొన్న శుక్రవారం. బిల్కీసు మాయమై అప్పటికి చాలా రోజులైంది. అంటే మొన్న శుక్రవారం తర్వాత ఆమె ఈ గోడని కళ్ళారా చూసింది.

"ఆ తర్వాత ఈ ముంగిట్లోకి ఎవరొచ్చారు?"

"నా దగ్గరికెవరొస్తారు? నువ్వే వచ్చావు."

తలాతు గోడకి వీపు పెట్టి వెనక్కి తిరిగింది. ఇనువా ఇంటి మేడగది ఆమె కళ్ళెదుటే ఉంది. దానికి అరచెయ్యంత కిటికీ. చెక్కరెక్క మూసి ఉంది.

"ఆ కిటికీ ఎప్పుడూ తియ్యరు" అంది ముసలామె. "ఆడవాళ్ళుండే ముంగిలి కదా ఇది. ఇనువాని నేను చిన్నప్పట్నుంచీ ఎరుగుదును. మర్యాద తెలిసినవాడు. ఇటు ఒక్కసారి కూడా తొంగిచూడడు."

అదీ సంగతి. కిటికీలోంచి అరిస్తే ముసలామెకంటే ముందు ఇనువాకే వినిపిస్తుంది. గీసిన ప్రతి నమూనానీ ఇనువా చూసే ఉంటాడు. ఒక్క అక్షరం రాసినా పట్టుకుంటాడు, ఒక్క పేరు దాచినా పట్టుకుంటాడు. కానీ పక్కింటి ఆడవాళ్ళ ముంగిట్లో గోడ ఎలా ఉంటుందో మర్యాద తెలిసిన మగవాడికి ఎలా తెలుస్తుంది? అతని చేత్తోనే ఆ గోడని నెట్‌లో పెట్టించింది బిల్కీసు. ఎవరో ఒకరు, ఎప్పుడో ఒకప్పుడు, ఏ ఆడమనిషో ఇక్కడికి వచ్చి చూడకపోతుందా అని.

కిటికీ రెక్క వేలెడు తెరుచుకుంది. నల్లటి సందు. అందులో ఏదో తడిగా మెరిసింది. వెంటనే మూసుకుంది.

 ఖాజీ దగ్గరికి పరిగెత్తి వచ్చేలోపు నమాజు అయిపోతుంది. తాళం బద్దలుకొట్టే అధికారం ఆమెకి లేదు. పోలీసే రావాలి. తిట్టుకుంటూనే లబరాన్‌కి ఫోను చేసింది.

"దొరికింది ఇన్‌స్పెక్టర్. లాగోస్‌లో కాదు. ఇనువా మేడగదిలో ఉంది. నేను పక్కింటి ముంగిట్లో ఉన్నాను. మనుషుల్ని తీసుకుని రా."

 "కళ్ళారా చూశావా?" అన్నాడు లబరాన్.

"చూశాను."

"ఇంకెవరికైనా చెప్పావా?"

"నీకే మొదట."

"చెప్పకు. అక్కణ్ణించి కదలకు. వస్తున్నాను." ఎకసెక్కం లేదు, వాదన లేదు. ఎన్నాళ్ళకి ఈ మనిషి పోలీసులా మాట్లాడాడు అనుకుంది తలాతు. గుండె కాస్త కుదుటపడింది.

ఆమె ఫోను పెట్టేసిన కాసేపటికే గోడకి అటువైపు, వాకిటి గదిలో, కలంగూ డప్పు మోగింది. మోగి ఆగింది. ఆ వెంటనే ఇనువా అడుగుల చప్పుడు ముంగిట్లోకి వచ్చింది. మెత్తటి గొంతు ఇప్పుడు మెత్తగా లేదు.

"బస్తాలు తియ్యి గాంబో. బండి వెనక వీధిలోకి తెస్తాను. నేను వచ్చేసరికి పైనున్నదాన్ని తయారుగా ఉంచు."

"ఎక్కడికి తీసుకెళ్తారు?"

"నీకెందుకు?"

బస్తాలు నేల మీద ఈడుస్తున్న చప్పుడు. వీధి తలుపు తెరిచి మూసిన చప్పుడు.

లబరాన్ వచ్చేదాకా ఆగితే బిల్కీసు ఉండదు. తలాతు సందులోంచి వెనక్కి దూరింది. ముంగిట్లో గాంబో ఆఖరి బస్తా మీద చేతులు పెట్టి నిలబడి ఉంది. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. గాంబో అరుస్తుందనుకుంది తలాతు. గాంబో అరవలేదు. బస్తాని పక్కకి ఈడ్చి, తల అటు తిప్పుకుంది.

మెట్లు ఇరుకు. వెలుతురు లేదు. గోడలు రెండు భుజాలకీ రాసుకుంటున్నాయి. పక్కన ఒక తెల్లటి వైరు మెట్టు మెట్టుకీ పాకుతూ పైకి పోతోంది. తలాతు దాని వెంటే ఎక్కింది. పైన తలుపు. గొలుసు. గుప్పెడంత తాళం.

"బిల్కీసూ" అంది గుసగుసగా.

లోపల ఏదో ఈడ్చుకున్నట్టయింది. తర్వాత తలుపు కిందనుంచి, నేలకి నోరు ఆనించి మాట్లాడుతున్నట్టు, పలచటి గొంతు. "గోడ చూశావా అక్కా?"

"చూశానమ్మా. మీ అమ్మ పంపింది నన్ను. ఖాజీ వాకిట్లో నీకోసం కూర్చుని ఉంది."

లోపల ఏడుపు వినిపించింది, గుడ్డ అడ్డం పెట్టుకున్న ఏడుపు. తలుపు సందులోంచి వేళ్ళు బయటికి వచ్చాయి. తలాతు కూర్చుని ఆ వేళ్ళు పట్టుకుంది.

"తాళంచెవి ఎవరి దగ్గరుంది?"

"ఆయన మెళ్ళోనే. అక్కా, నువ్వు వెళ్ళిపో. ఒక్కదానివి ఏం చేస్తావు?"

"ఒక్కదాన్ని కాదులే. పోలీసులు వస్తున్నారు. ఇన్‌స్పెక్టర్ లబరాన్‌కి ఫోను చేశాను."

ఆ వేళ్ళు ఆమె చేతిలోంచి జారి లోపలికి పోయాయి.

"బిల్కీసూ?"

గొంతు మళ్ళీ తలుపు కిందనుంచి వచ్చింది.

"ఆరోజు నేను పారిపోయిన మాట నిజమే అక్కా. తెల్లవారకుండానే చెప్పులు కూడా వేసుకోకుండా పోలీస్ స్టేషన్‌కి పరిగెత్తాను. విచారణ అయ్యేదాకా నన్ను దాచండి అని కాళ్ళు పట్టుకున్నాను. జీపులో ఎక్కించుకుని తిన్నగా ఈ ఇంటికే తెచ్చి ఈయన చేతికి అప్పగించాడు. ఇంటి పరువు వీధిలో ఉండకూడదన్నాడు. ఈ గదికి తాళం వెయ్యమని చెప్పింది అతనే. లబరాన్."

తలాతుకి అన్నీ ఒక్కొక్కటిగా అర్థమయ్యాయి. తను ఫోను పెట్టేసిన వెంటనే ఇనువా జేబులో మోగిన ఆ డప్పు. చెప్పకు, కదలకు అన్న ఆ గొంతు. తను ఎక్కడుందో, ఏం కనిపెట్టిందో, ఇంకెవరికీ చెప్పలేదని కూడా, అంతా తన నోటితోనే చెప్పేసింది.

ఫోను తీసింది. మందపాటి మట్టిగోడల మధ్య సిగ్నలు లేదు. కిందికి దిగాలి. రెండు మెట్లు దిగింది.

కింద వీధి తలుపు తెరుచుకుంది. సలాం చెప్పలేదు ఎవరూ. ఇనువా ఏదో అడిగాడు, లబరాన్ గొంతు పొడిగా బదులిచ్చింది. "ఇద్దర్నీ తీసుకెళ్ళాలి ఇప్పుడు."

అప్పుడు గాంబో అరిచింది. కోడిని తోలే అరుపు కాదది, కడుపులోంచి వచ్చింది. "కాకా హన్నే! ఆడవాళ్ళని పిలవండి! వీధి వీధంతా పిలవండి! బిల్కీసు ఇక్కడే ఉంది, మేడ మీద…"

కేక సగంలో తెగిపోయింది. గిన్నెలేవో దొర్లాయి.

తలాతు మళ్ళీ పైకెక్కి తలుపుకి వీపు ఆనించి నిలబడింది. తలుపుకి అటువైపు నుంచి బిల్కీసు కూడా అలాగే ఆనుకున్నట్టుంది, చెక్క చిన్నగా వణుకుతోంది.

"ఎవరైనా విన్నారంటావా అక్కా?"

తలాతు చెవి రిక్కించింది. పక్కింటివైపు నుంచి ఒక్క చప్పుడు కూడా లేదు. కింద మెట్టు మీద బూటు పడింది. తొందరేమీ లేనట్టు, రెండోది పడింది.